నీళ్ల మాత్ర చెప్పే పొటాషియం పాఠం



ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల మీద కాసేపు కూర్చుని గాని ఇంటికి కదలలేని పెద్దవాళ్లు మన విచారణలన్నింటిలోనూ ఉన్నారు. చీలమండ మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట చాలాసేపటికి గాని పూడదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాలి. "ఒంటికి నీరు పట్టింది" అని ఇంట్లోవాళ్లు అంటారు. "గుండె బలహీనపడింది" అని డాక్టరుగారు చెప్పి నాలుగైదు రకాల మాత్రలు రాస్తారు. వాటిలో ఒకదాన్ని అందరూ "నీళ్ల మాత్ర" అంటారు. అది వేసుకున్న గంటలో మూత్రం ధారాళంగా వస్తుంది. రెండు మూడు రోజుల్లో వాపు దిగుతుంది, ఆయాసం తగ్గుతుంది.

అక్కడితో మనకు నమ్మకం కుదురుతుంది. "నీళ్లు పోయాయి, ఇక పరీక్షలెందుకు?" అనుకుంటాం. ఈ వారం పాఠం ఆ ప్రశ్నకే సమాధానం. నీళ్ల మాత్ర నీటిని మాత్రమే కదిలించదు. మన రక్తంలోని హార్మోన్లను, పొటాషియం అనే లవణాన్ని కూడా కదిలిస్తుంది. ఆ సంగతి తెలియక చేసే చిన్న పొరపాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. అందులోనూ కనిగిరి ప్రాంతపు కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. దానిని పాఠం మధ్యలో చెప్పుకుందాం.

గుండె వైఫల్యం అంటే ఏమిటి?

ఈ మాట వినగానే గుండె ఆగిపోయిందని బెదిరిపోనక్కరలేదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గాని శరీరానికి చాలినంత రక్తాన్ని ముందుకు నెట్టలేకపోతుంది. గుండెపోటు వచ్చి కండరం కొంత చచ్చుబడటం, ఏళ్ల తరబడి అదుపులేని రక్తపోటు, చిన్ననాటి కీళ్లవాతపు జ్వరం వల్ల కవాటాలు చెడటం, మధుమేహం, మితిమీరిన సారా, ఇవన్నీ దానికి కారణాలు కావచ్చు. ముందుకు పోవలసిన రక్తం వెనుక నిలుస్తుంది. ఊపిరితిత్తులలో నిలిస్తే ఆయాసం, కాళ్లలో నిలిస్తే వాపు.

అయితే వాపుకు గుండె బలహీనత ఒక్కటే కారణం కాదు. అందులో మూత్రపిండాల పాత్ర చాలా పెద్దది.

మూత్రపిండాలు ఎక్కడ పొరబడతాయి?

మన ప్రాంతపు రైతుకు అర్థమయ్యే పోలిక ఒకటి చెప్పుకుందాం. చెరువు నిండుగా ఉంది. కాని తూము పూడిపోయింది. కింద చేలకు నీరందటం లేదు. చివరి చేనువాడికి చెరువు కనబడదు, తన కాలువ మాత్రమే కనబడుతుంది. "కరువొచ్చింది, చుక్క నీరు కూడా వదలొద్దు" అని అతడు కేకలు పెడతాడు. మూత్రపిండాల స్థితి సరిగ్గా ఇదే. ఒంట్లో నీరు కావలసినదానికంటే ఎక్కువగా ఉంది. కాని గుండె బలంగా నెట్టకపోవటం వల్ల మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గింది. ఒంట్లో నీరు కరువైందని అవి పొరబడతాయి.

వెంటనే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దీన్ని 1898లోనే టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్వీడన్‌లో కనుగొన్నారు. రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది. అంతేకాక మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది. ఆ గ్రంథుల నుంచి ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ వస్తుంది. దీనిని 1953లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్‌లు తమ సహచరులతో కలిసి విడదీసి చూపారు.

ఆల్డోస్టిరోన్ చేసే పని గుర్తుంచుకోండి. ఒక చేత్తో ఉప్పును, అంటే సోడియంను, పట్టి ఉంచుతుంది. మరో చేత్తో పొటాషియంను మూత్రంలోకి వదిలేస్తుంది. ఉప్పు ఎక్కడ ఉంటే నీరు అక్కడ ఉంటుంది. కనుక వాపు పెరుగుతుంది. గాయమై రక్తం కారిపోయినప్పుడో, వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడో ఈ ఏర్పాటు మన ప్రాణాన్ని నిలబెడుతుంది. గుండె జబ్బులో మాత్రం అదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది.

గుండె తాను కూడా ఊరుకోదు. నీరు ఎక్కువై తన గదులు సాగినప్పుడు, ఉప్పును బయటకు పంపే హార్మోన్‌ను అదే తయారు చేస్తుంది. ఈ సంగతిని 1981లో కెనడాలో డి బోల్డ్ బృందం కనుగొన్నది. ఆ కుటుంబానికే చెందిన బి.ఎన్.పి. అనే పదార్థాన్ని ఇప్పుడు రక్తంలో కొలిచి జబ్బు తీవ్రతను అంచనా వేస్తున్నారు. కాని జబ్బు ముదిరిన కొద్దీ ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లదే పైచేయి అవుతుంది.

నీళ్ల మాత్ర ఏం చేస్తుంది?

ఒకప్పుడు ఒంటి నీరు దించటానికి పాదరసం కలిసిన ఇంజెక్షన్లు వాడేవారు. 1919లో వియన్నాలో సిఫిలిస్ రోగికి ఆ మందు ఇస్తుండగా మూత్రం విపరీతంగా రావటం ఆల్‌ఫ్రెడ్ వోగల్ అనే వైద్య విద్యార్థి గమనించాడు. పాదరసం విషమని తెలిసినా వేరే దారి లేక దశాబ్దాల పాటు దాన్నే వాడారు. 1950ల చివరలో క్లోరోథయజైడ్ మాత్ర, 1960లలో ఫ్రూసెమైడ్ వచ్చాక ఆ బాధ తప్పింది. లాసిక్స్ అనే పేరుతో మనవాళ్లకు బాగా తెలిసినది ఈ ఫ్రూసెమైడే. టార్సెమైడ్ కూడా అదే జాతి మందు.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని వడపోస్తాయి. అందులో ఒకటిన్నర లీటరో రెండు లీటర్లో మూత్రంగా పోతుంది. మిగిలినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది. వడపోతలో దిగిన ఉప్పులో ఇంచుమించు నాలుగో వంతు, మూత్రపిండపు సన్నని గొట్టాలలో ఒక వంపు దగ్గర వెనక్కి తీసుకోబడుతుంది. ఫ్రూసెమైడ్ ఆ వంపు దగ్గర తలుపు మూస్తుంది. ఉప్పు గొట్టంలోనే ఉండిపోయి తనతో నీటిని తీసుకుపోతుంది.

ఇంతవరకు మేలే. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఉప్పు ఎక్కువగా గొట్టం చివరికి చేరుతుంది. అక్కడ ఆల్డోస్టిరోన్ కాచుకుని ఉంటుంది. అది కొంత సోడియంను వెనక్కి లాక్కుని, దానికి బదులుగా పొటాషియంను వదిలేస్తుంది. పైగా ఒంట్లో నీరు తగ్గిన కొద్దీ మూత్రపిండాలు మరింత రెనిన్‌ను, దాని వెంట మరింత ఆల్డోస్టిరోన్‌ను రప్పిస్తాయి. అనగా వాపును దించే మాత్రే వాపును పెంచే హార్మోన్‌ను కొంత రెచ్చగొడుతుంది. అందుకే గుండె జబ్బుకు నీళ్ల మాత్ర ఒక్కటే ఇచ్చి డాక్టర్లు ఊరుకోరు. హార్మోన్లను అదుపు చేసే మందులను కూడా దానికి జత చేస్తారు.

పొటాషియం ఎందుకంత ముఖ్యం?

మన ఒంటిలోని పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండేది కొద్దిపాటిదే. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు ఉంటే సరైన స్థాయి. గుండె లయ ఈ కొద్దిపాటి దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

పొటాషియంను లోపలికి, సోడియంను బయటికి తోడే ఒక పంపు ప్రతి కణానికీ ఉంటుంది. దానిని 1957లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ కనుగొని 1997లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పంపు నడవటానికి కావలసిన ఇంధనం ఎ.టి.పి. అనే పదార్థం. దానిని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి వెల్లడించిన వారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు.

రక్తంలో పొటాషియం పడిపోతే కాళ్లు చేతులు బలహీనమవుతాయి, పిక్కలు పట్టేస్తాయి, మలబద్ధకం కలుగుతుంది, గుండె లయ తప్పుతుంది. డిగాక్సిన్ మాత్ర వాడేవారికి ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే పొటాషియం తగ్గినప్పుడు ఆ మందు విషంగా మారుతుంది. పొటాషియం పెరిగిపోవటం అంతకంటే మోసకారి. చాలాసార్లు ఏ బాధా తెలియదు. నీరసం అనుకుంటూ ఉండగానే గుండె నెమ్మదించి, ఒక్కసారిగా ఆగిపోవచ్చు. తగ్గిందో పెరిగిందో ముఖం చూసి, నాడి పట్టి చెప్పటం ఎవరికీ సాధ్యం కాదు. రక్తపరీక్ష ఒక్కటే దారి.

ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే మాత్ర

స్పైరనోలాక్టోన్ కూడా ఒక రకమైన నీళ్ల మాత్రే. ఆల్డాక్టోన్ అన్నా ఇదే. కాని దీని పద్ధతి వేరు. ఇది నేరుగా ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకుంటుంది. కనుక ఉప్పు బయటికి పోతుంది, పొటాషియం లోపల నిలుస్తుంది. చాలామందికి ఫ్రూసెమైడ్‌ను, దీనిని కలిపి ఇస్తారు. ఒకటి పోగొట్టేదాన్ని మరొకటి కాపాడుతుంది.

1999లో రేల్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిలో, ఇతర మందులతో పాటు ఈ చిన్న మాత్రను కూడా వాడినవారిలో మరణాల ముప్పు 30 శాతం తగ్గింది. ప్రపంచమంతా దీనిని వాడటం మొదలుపెట్టింది. అయితే 2004లో కెనడాలోని ఒంటారియో నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. అక్కడ ఈ మాత్ర వాడకం ఒక్కసారిగా పెరిగిన తరువాత, పొటాషియం మితిమీరి ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కూడా పెరిగారు. మందులో తప్పు లేదు. అధ్యయనంలో రోగులకు క్రమం తప్పక రక్తపరీక్షలు చేశారు, బయట ఆ జాగ్రత్త అంతగా లేకపోయింది. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు కూడా పొటాషియంను పెంచుతాయి. గుండె జబ్బువారికి ఇవి అవసరమే. కాని ఇవన్నీ కలిసినప్పుడు కాపలా మరింత గట్టిగా ఉండాలి.

మగవారికి ఒక మాట. స్పైరనోలాక్టోన్ ఇతర హార్మోన్ల పనిలో కూడా కొంత జోక్యం చేసుకుంటుంది. రేల్స్ అధ్యయనంలో పదిమంది మగవారిలో ఒకరికి రొమ్ములు ఉబ్బటమో నొప్పి పెట్టటమో జరిగింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పక మాత్ర మానేయవద్దు. డాక్టరుతో చెబితే ఎప్లరినోన్ వంటి మరో మందుకు మార్చగలరు.

మన ప్రాంతపు నొప్పి మాత్ర

ఇప్పుడు మొదట చెప్పిన ప్రత్యేక విషయానికి వద్దాం. మన నేలలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులలోనే, 1937లో, నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు ఉండటం మేలని, మరో నీటి వనరు లేనప్పుడు కూడా 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు మించిన నీరు తాగితే పళ్లు గారపడతాయి, నడుము వంగుతుంది, మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకోవు. పామూరు నుంచి వెలిగండ్ల దాకా ఈ నొప్పులు తెలియని ఇల్లు అరుదు.

నొప్పి ఉన్నచోట నొప్పి మాత్ర ఉంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మందుల షాపులో అడిగితే దొరుకుతాయి. అవి వేసుకుంటే ఆ పూట పొలం పని చేసుకోవచ్చు. అందుకని ఎవరినీ తప్పుపట్టలేం. కాని గుండె బలహీనంగా ఉండి నీళ్ల మాత్ర వాడేవారి ఒంట్లో ఈ మాత్ర చేసే పని వేరు.

బలహీనమైన గుండె కింద పనిచేసే మూత్రపిండాలు కొన్ని సహజ పదార్థాల సాయంతో తమ రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటాయి. నొప్పి మాత్ర ఆ పదార్థాలనే ఆపివేస్తుంది. అప్పుడు మూత్రపిండాలకు రక్తం మరింత తగ్గుతుంది. ఉప్పు నిలుస్తుంది, నీళ్ల మాత్ర పని చేయదు, వాపు తిరిగి వస్తుంది. పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. నీళ్ల మాత్ర, రామిప్రిల్ వంటి మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే ఒంట్లో కలిస్తే మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. మూత్రపిండాలు దెబ్బతింటే ఫ్లోరైడు కూడా సరిగా బయటకు పోక ఎముకలలో మరింత నిలుస్తుంది. నొప్పి కోసం వేసుకున్న మాత్ర చివరకు నొప్పినే పెంచినట్టవుతుంది.

ఒక ఇంటిని ఊహించుకోండి. తాతగారికి గుండె మాత్రలు ఒంగోలు డాక్టరు రాశారు. మోకాళ్ల నొప్పి మాత్ర ఊళ్లోనే కొన్నారు. ఆ సంగతి ఒంగోలు డాక్టరుకు తెలియదు. గుండె మాత్రల సంగతి మందులు ఇచ్చినవారికి తెలియదు. రెండూ తెలిసినది ఇంట్లోవాళ్లకే. కనుక ఆ రెండింటినీ ఒకే చీటీ మీదికి తేవలసిన బాధ్యత కూడా ఇంట్లోవాళ్లదే. నొప్పి గురించి గుండె డాక్టరుకే చెప్పండి. పారాసెటమాల్, పైపూత మందు, కాపడం, వ్యాయామం వంటి మార్గాలలో ఏది తగునో ఆయన చెబుతారు.

ఉప్పు, అరటిపండు, కొబ్బరినీళ్లు

పెద్దలు రోజుకు 5 గ్రాములకు మించి, అంటే ఒక చెంచాకు మించి, ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎండుచేపలు, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు, ఇవన్నీ ఉప్పు కోటలే. ఉదయం నీళ్ల మాత్ర వేసుకుని మధ్యాహ్నం పచ్చడితో భోంచేస్తే, తూము తెరిచి చెరువుకు మళ్లీ నీళ్లు పోసినట్టే.

అలాగని "తక్కువ సోడియం ఉప్పు" అని రాసి ఉన్న పొట్లం తెచ్చుకోవద్దు. చాలా వాటిలో సోడియంకు బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. ఆరోగ్యవంతులకు అది మంచిదే కావచ్చు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని మినహాయించింది. స్పైరనోలాక్టోన్ వాడేవారు డాక్టరును అడగకుండా దానిని ముట్టరాదు.

ఒక మోస్తరు అరటిపండులో 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, మునగాకు, టమాటా, పప్పు కూడా దానికి నిలయాలే. పొటాషియం తగ్గినవారికి ఇవి మందులాంటివి. పెరిగినవారికి ఇవే చేటు. "నీరసంగా ఉంది, కొబ్బరినీళ్లు పట్టించండి" అనేది ప్రేమతో చెప్పే మాటే. కాని ఏ వైపు తేడా ఉందో పరీక్షలో చూడకుండా రోజూ పట్టించకూడదు. పక్కింటివారికి మంచిదైనది మన ఇంటివారికి మంచిది కావాలని లేదు.

ఇంట్లో చేయదగిన పనులు

ఒకటి: ప్రతి ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక, టిఫిను తినకముందు బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే. వాపు కనబడేదాకా ఆగకుండా డాక్టరుకు తెలపండి.

రెండు: రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు వాయిదా వేయవద్దు. స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టాక వారంలోపు ఒకసారి, నెలకు మరోసారి, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువులలో చేయించాలి. మోతాదు మార్చినప్పుడు మళ్లీ చేయించాలి. పాత కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచండి.

మూడు: బస్సు ప్రయాణం ఉందని, పెళ్లి ఉందని, పూజ మధ్యలో లేవవలసి వస్తుందని నీళ్ల మాత్ర మానేయటం మామూలైపోయింది. ఫ్రూసెమైడ్ ప్రభావం సుమారు ఆరు గంటలు ఉంటుంది. ఆ రోజు వేళ మార్చుకోవచ్చునేమో ముందుగా డాక్టరును అడగండి. మానవద్దు.

నాలుగు: వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, వేసవిలో వడదెబ్బ తగిలి ఏమీ తినలేకపోయినా అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఒళ్లు ఎండిపోతున్నప్పుడు ఈ మాత్రలలో కొన్నింటిని కొద్ది రోజులు ఆపవలసి రావచ్చు. ఏది ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి.

ఐదు: తపస్సు కాలంలో కొందరు పెద్దలు పట్టుదలతో నీళ్లు, మాత్రలు కూడా మాని ఉపవాసం ఉంటారు. జబ్బుతో ఉన్నవారి నుంచి శ్రీసభ అటువంటి ఉపవాసాన్ని కోరదు. సందేహముంటే మీ విచారణ గురువులను అడగండి.

ఆరు: కాళ్లు ఒక్కసారిగా సత్తువ కోల్పోయినా, స్పృహ తప్పినట్టు కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, మరీ నెమ్మదిగా కొట్టుకున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. మాత్రల సంచి వెంట తీసుకువెళ్లండి.

కుటుంబమంతా కలిసి ఆలోచించవలసిన ప్రశ్నలు

మన ఇంట్లో నీళ్ల మాత్ర వాడుతున్నవారు ఎవరు? వారికి పొటాషియం పరీక్ష చివరిసారి ఏ నెలలో జరిగింది? ఆ కాగితం మీద ఎంత ఉంది? వారు నొప్పి మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారా? ఆ సంగతి గుండె డాక్టరుకు చెప్పామా?

ఈ రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ దిండు కింద, తాతగారి చొక్కా జేబులో, గూటిలో, అలమరలో ఉన్న మాత్రలన్నీ ఒక పళ్లెంలో పోయండి. చదువుకున్న పిల్లల చేత వాటి పేర్లన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ముందుగా ఆ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టండి.